పసుపు కుంకుమ పొలం అమ్మి అమెరికాలో టీచర్‌గా వెళ్లనా?

ప్రశ్న: మేడమ్, మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. నాకు 33 ఏళ్లు. విజయనగరంలో బీఎస్సీ, 2014లో శ్రీకాకుళంలో బీఈడీ చేశాను. తొమ్మిదేళ్లుగా ఒక ప్రైవేటు స్కూల్లో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. జీతం 16 వేలు, చేతికే ఇస్తారు. 2025 మెగా డీఎస్సీలో కొద్ది మార్కుల్లో పోయింది. విశాఖలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు అమెరికా ప్రభుత్వ బడుల్లో టీచరు ఉద్యోగం ఇప్పిస్తామంటున్నారు. జే1 వీసా అట, కుటుంబమంతా వెళ్లొచ్చట, తర్వాత గ్రీన్ కార్డు గ్యారంటీ అట. మొత్తం 7 లక్షలు, అందులో 2 లక్షలు ముందే కట్టాలి. పెళ్లికి మా నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం పొలం ఉంది. అది అమ్మాలా, వడ్డీకి తేవాలా అని ఆలోచిస్తున్నాను. ఇప్పుడున్న ఉద్యోగం మానేసి ఇంగ్లీషు మీద కూర్చోమని కూడా వాళ్లే చెప్పారు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. మా ఆయన పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలో చేస్తారు. పాపకు ఏడేళ్లు. అత్తగారికి ఇష్టం లేదు. ఏం చేయమంటారు?
– ఒక లెక్కల టీచరు

జవాబు:

అమ్మా, ముందు రెండు పనులు ఆపండి. పొలం బేరం పెట్టకండి, ఉద్యోగం మానకండి. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు.

ఉద్యోగం సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే ఆ సలహా మీ దారినే మూసేస్తుంది. జే1 అంటే కొంతకాలం అక్కడ ఉండి తిరిగి వచ్చేవాళ్లకిచ్చే వీసా, అందులో టీచర్లకు వేరే విభాగం ఉంది. దాని నియమాల ప్రకారం దరఖాస్తు చేసే నాటికి మీరు మన దేశంలో టీచరుగా పనిచేస్తూ ఉండాలి. పనిలో లేనివాళ్లకు ఒక చిన్న మినహాయింపు ఉంది కానీ, అది ఏడాదిలోపు పై చదువు పూర్తి చేసినవాళ్లకే. మీకు వర్తించదు. కనీసం రెండేళ్ల అనుభవం కావాలి, మీకు తొమ్మిదేళ్లుంది. మీ చేతిలో ఉన్న పెద్ద బలం ఈ తొమ్మిదేళ్లే. టీచర్లను పంపిస్తామనే మనిషికి ఈ మొదటి నియమం తెలియకపోతే, తెలిసీ మానేయమంటే, రెండింటిలో ఏదైనా సరే అతని చేతిలో 2 లక్షలు పెట్టడానికి నాకు మనసొప్పదు.

నేను 2012లో ఇదే వీసా మీద టెక్సాస్‌లో ఒక చిన్న ఊరికి వెళ్లి మూడేళ్లు లెక్కలు చెప్పి శ్రీకాకుళం తిరిగి వచ్చాను. అందుకే మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నన్ను పంపిన మధ్యవర్తి కూడా ముందే డబ్బు కట్టించుకున్నాడు. రసీదు అడిగితే ‘మన మధ్య రసీదులేమిటి మేడమ్’ అన్నాడు. నేను వెళ్లగలిగాను. నాతో పాటు కట్టిన ఇద్దరికి ఉద్యోగమూ రాలేదు, డబ్బూ రాలేదు. వాళ్ల దగ్గర చూపించడానికి ఒక్క కాగితం కూడా లేదు.

ఈ వ్యవహారం ఎలా నడుస్తుందో తెలిస్తే మీకే ధైర్యం వస్తుంది. ఇందులో ముఖ్యులు ఇద్దరే. ఒకరు స్పాన్సర్ సంస్థ. టీచర్లను పిలిపించుకోవడానికి అమెరికా విదేశాంగ శాఖ దానికి అనుమతి ఇస్తుంది. రెండోవారు మీకు జీతమిచ్చే స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే అక్కడ ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థ. మీ చదువు, అనుభవం, ఇంగ్లీషు చూసి ఎంపిక చేసేది స్పాన్సర్. వీడియోలో ఇంటర్వ్యూ చేసి ఉద్యోగం ఇచ్చేది డిస్ట్రిక్ట్. ఆ తర్వాత స్పాన్సర్ డీఎస్ 2019 అనే ఫారం పంపిస్తుంది. అది చేతికొస్తేనే మీరు హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసాకు వెళ్లగలరు. విశాఖ ఆఫీసు ఈ ఇద్దరిలో ఎవరూ కాదు. అనుమతి ఉన్న స్పాన్సర్ల జాబితా విదేశాంగ శాఖ వారి జే1 వెబ్‌సైటులో ఎవరైనా చూసుకునేలా ఉంటుంది. అందులో టీచర్ విభాగం కింద ఉన్నవాళ్లకు మీరే నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. చాలామందికి ఈ సంగతే తెలియదు.

కాబట్టి కన్సల్టెన్సీకి ఒకసారి ఫోన్ చేసి, మీ స్పాన్సర్ ఎవరు, పేరు రాసి పంపండి అని అడగండి. ఆ పేరు జాబితాలో ఉందో లేదో చూసుకోండి. 7 లక్షల్లో ఏది ఎవరికి వెళ్తుందో విడివిడిగా రాసిమ్మనండి. స్పాన్సర్ సంస్థలు ఫీజు తీసుకోవడం మామూలే, అది వేల డాలర్లలో కూడా ఉంటుంది. కానీ ఖర్చుల వివరాలు వాళ్లు ముందుగా చెప్పి తీరాలి, ఆ డబ్బు మీరు నేరుగా వాళ్లకే కట్టవచ్చు. వీసా ఫీజు 185 డాలర్లు, సెవిస్ అనే ఫీజు 220 డాలర్లు. ఇవి ప్రభుత్వానికి మీరే కట్టుకునేవి. వీసాకు లక్షలు అవుతాయని ఎవరైనా అంటే నమ్మకండి. ఇక మధ్యవర్తి వాటా. మన దేశంలో విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపేవాళ్లకు 1983 నాటి వలసల చట్టం కింద లైసెన్సు ఉండాలి. లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా సర్వీస్ ఛార్జీగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. లైసెన్సులు ఎవరికున్నాయో కేంద్రం వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో కనిపిస్తుంది. నంబరు అడగండి. అడిగినందుకు కోపం తెచ్చుకుంటే అక్కడితో వదిలేయండి.

వడ్డీకి తేవాలన్న ఆలోచన కూడా ఒకసారి లెక్క వేసి చూడండి, మీరు లెక్కల టీచరే కదా. నూటికి రెండు రూపాయల చొప్పున 7 లక్షలకు నెలకు 14 వేలు వడ్డీ. మీ జీతం 16 వేలు. ఉద్యోగం ఖాయమై వెళ్లేసరికి ఏడాది పట్టిందనుకోండి, అసలు కదలకుండానే లక్షా 68 వేలు పోతుంది. పొలం సంగతి నేను వేరే చెప్పాలా? పసుపు కుంకుమ కింద వచ్చింది మీ పేరున, మీ మాట మీద ఉండే ఆస్తి. రేపు ఏ అవసరం వచ్చినా మీరు ఎవరినీ అడగకుండా చేయి వేయగలిగేది అదొక్కటే. గాలిలో ఉన్న మాటకు దాన్ని అమ్మకండి. డిస్ట్రిక్ట్ నుంచి ఆఫర్ లెటర్ వచ్చాక స్పాన్సర్ ఫీజుకు, టికెట్లకు, అక్కడ మొదటి నెలల ఖర్చుకు ఎంత కావాలో తేలుతుంది. అప్పుడు కూడా బంగారం మీద బ్యాంకు లోను తీసుకుంటే వడ్డీ చాలా తక్కువ.

గ్రీన్ కార్డు మాట నిజం కాదు. జే1 టీచరు వీసా మూడేళ్లకు. డిస్ట్రిక్ట్, స్పాన్సర్ ఒప్పుకుని అనుమతి వస్తే ఇంకో ఏడాదో రెండేళ్లో పొడిగిస్తారు. అది పూర్తయ్యాక మళ్లీ ఇదే విభాగంలో వెళ్లాలంటే రెండేళ్లు బయట ఉండాలి. కొందరు అక్కడే వేరే వీసాకు మారారు, నాకు తెలిసినవాళ్లే ఉన్నారు. కానీ దాన్ని మీ లెక్కలో వేయకండి. మూడేళ్లు వెళ్లి, పనిచేసి, నాలుగు డబ్బులు వెనకేసుకుని తిరిగి వస్తాం అనుకుంటే మీకిది మంచి అవకాశం. స్థిరపడిపోతాం అనుకుని వెళ్తే మూడో ఏడాది నరకంగా ఉంటుంది. నేను చూశాను. తిరిగొచ్చేసరికి మీకు 36, 37. 2025 డీఎస్సీలో జనరల్ అభ్యర్థులకే వయసు 44 దాకా ఇచ్చారు, కాబట్టి ఆ తలుపు ఇప్పుడే మూసుకుపోయిందని దిగులు పడకండి.

మీ డిగ్రీ చెల్లుతుందా అని ఉత్తరంలో అడగలేదు కానీ, నాకు ముందుగా తట్టిన ప్రశ్న అదే. మన బీఎస్సీ మూడేళ్లది, వాళ్ల బ్యాచిలర్ డిగ్రీ నాలుగేళ్లది. మన డిగ్రీ వాళ్ల డిగ్రీకి సమానమో కాదో తేల్చే మూల్యాంకన సంస్థలు ఉంటాయి, ఒక్క బీఎస్సీనే చూపిస్తే వాటిలో కొన్ని దాన్ని పూర్తి డిగ్రీగా లెక్కించవు. బీఎస్సీ, బీఈడీ రెండూ కలిపి చూపిస్తే సాధారణంగా సరిపోతుంది. 2015కు ముందు బీఈడీ ఏడాదే కాబట్టి మీది మూడు, ఒకటి కలిసి నాలుగేళ్లు. ఈ మూల్యాంకనానికి మార్కుల ట్రాన్‌స్క్రిప్టులు చాలాసార్లు యూనివర్సిటీ నుంచే నేరుగా, సీలు వేసిన కవరులోనో ఆన్‌లైన్‌లోనో వెళ్లాలి. మీకు రెండు చోట్ల తిరుగుడు తప్పదు. బీఎస్సీకి విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, బీఈడీకి ఎచ్చెర్లలో అంబేడ్కర్ యూనివర్సిటీ. స్కూలుకు సెలవులున్నప్పుడే ఆ పని పెట్టుకోండి, ఒక్క రోజులో అవుతుందని మాత్రం అనుకోకండి.

ఒరిజినల్స్ మీ దగ్గరే ఉన్నాయా? ప్రైవేటు స్కూళ్లు చేరేటప్పుడే సర్టిఫికెట్లు తీసి బీరువాలో పెట్టుకోవడం మన వైపు చాలా మామూలు. అలా ఉంటే ఇప్పుడే, అమెరికా మాట ఎత్తకుండా, బ్యాంకు పనికనో మరొకందుకో అడిగి తెచ్చుకోండి. జీతం చేతికే ఇస్తున్నారన్నారు, అది కూడా ఇబ్బందే. వచ్చే నెల నుంచి అకౌంట్లో వేయమనండి. ఒప్పుకోకపోతే స్కూలు లెటర్‌హెడ్ మీద మీరు చేరిన తేదీ, ఏ తరగతులకు ఏ సబ్జెక్టు చెబుతున్నారు, వారానికి ఎన్ని పీరియడ్లు అన్నీ రాయించి సంతకం, సీలు వేయించండి. ‘ఈమె మా స్కూల్లో పనిచేయుచున్నారు, సత్ప్రవర్తన కలవారు’ అనే రెండు ముక్కల సర్టిఫికెట్ అక్కడ ఎవరికీ అక్కరకు రాదు.

పేరు విషయంలోనూ జాగ్రత్త. మీ టెన్త్ మెమోలో, డిగ్రీలో పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది. పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తవారి ఇంటిపేరు మార్చుకుని ఉంటే రెండు పేర్ల మనిషైపోతారు. పెళ్లయినంత మాత్రాన పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకోవాలన్న నిబంధన లేదు. భర్త పేరు వేరే గడిలో వస్తుంది. టెన్త్ మెమోలో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే పాస్‌పోర్టు తీసుకోండి, ఆధార్‌ను దానికి తగ్గట్టు ముందే సరిచేయించండి. ఇంటిపేరును పొడి అక్షరంగా వదిలేయకుండా పూర్తిగా రాయించండి. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉండేది. మూడేళ్లూ బ్యాంకులో, లైసెన్సు ఆఫీసులో, ఇంటి అగ్రిమెంటు దగ్గర ఆ అక్షరానికి సంజాయిషీ చెప్పుకుంటూనే గడిపాను.

ఇంగ్లీషు గురించి మీ భయం నాకు అర్థమైంది. నేనూ తెలుగు మీడియమే. స్పాన్సర్లు మీ మాట్లాడే ఇంగ్లీషును పరీక్షిస్తారు, అది నిజం. అయితే మీరు మాట్లాడాల్సింది ఉపన్యాసం కాదు, ఏడో తరగతి, ఎనిమిదో తరగతి లెక్కలు. అది మీకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. కావలసింది వాళ్ల క్లాసురూమ్ మాట. వెళ్లిన మొదటి వారం బోర్డు ముందు నిలబడి ‘సెవెన్ ఇంటూ ఎయిట్ ఎంత’ అని అడిగాను. పిల్లలంతా తెల్లమొహం వేశారు. ఒక పాప మాత్రం ఎనిమిదిని ఏడుతో భాగించడం మొదలుపెట్టింది. మనకు ఇంటూ అంటే గుణకారం, వాళ్లకు భాగహారం. గుణకారానికి వాళ్లు టైమ్స్ అంటారు. లెక్కలో ఏది ముందు చేయాలో చెప్పే సూత్రాన్ని మనం బోడ్‌మాస్ అంటే వాళ్లు పెమ్‌డాస్ అంటారు. రబ్బరు అనకూడదు, ఇరేజర్ అనాలి. టిక్ పెట్టమంటే తెలియదు, చెక్ మార్క్ అనాలి. తేదీలో ముందు నెల రాస్తారు. పొడవులు అడుగులు, అంగుళాల్లో, బరువులు పౌండ్లలో. ఇవన్నీ కలిపినా ఒక నోటుబుక్కులో రెండు పేజీలకు మించవు. రోజూ రాత్రి పాప పడుకున్నాక పది నిమిషాలు ఒక లెక్కను ఇంగ్లీషులో వివరిస్తూ ఫోన్లో రికార్డు చేసి, మర్నాడు బస్సులో వినండి. ఆరు నెలలు చేస్తే మీకే తేడా తెలుస్తుంది. నేను ఉద్యోగం చేసుకుంటూనే ఇలా నేర్చుకున్నాను.

ఇంటర్వ్యూలో వాళ్లు లెక్కల కంటే క్లాసును ఎలా నడుపుతారనే ఎక్కువ అడుగుతారు. ఒక పిల్లాడు మాట వినకపోతే ఏం చేస్తారు, వెనకబడిన పిల్లలకు పాఠాన్ని ఎలా మారుస్తారు, ఇలాంటివి. బెత్తం మాట, గోడ కుర్చీ మాట రానివ్వకండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఐఈపీ అని ఒక పత్రం ఉంటుంది, చట్టం ప్రకారం టీచరు దాన్ని పాటించి తీరాలి. దాని గురించి ముందే చదువుకోండి. బయటివాళ్లను తీసుకునే బడులు చాలావరకు టీచర్లు దొరకని చోటే ఉంటాయి: మారుమూల ఊళ్లు, పేద పిల్లలు ఎక్కువగా ఉండే బడులు. సబ్జెక్టుల్లో లెక్కలు, సైన్సు, స్పెషల్ ఎడ్యుకేషన్‌కు కొరత ఎక్కువ, కాబట్టి మీ సబ్జెక్టు మీకు కలిసొస్తుంది. కానీ మొదటి ఏడాది పిల్లలు మీ మాట వినరు. ఎన్నోసార్లు బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చి, మొహం కడుక్కుని తర్వాతి పీరియడ్‌కు వెళ్లాను. దసరా తర్వాతి మంగళవారం వస్తే విజయనగరంలో సిరిమాను తిరుగుతుంటుందని తలచుకుని ఆ రోజంతా ముద్ద దిగేది కాదు. రెండో ఏడాదికి ఆ పిల్లలే బయట కనిపిస్తే పరుగెత్తుకొచ్చి పలకరించేవారు.

కారు నడపడం ఇప్పుడే నేర్చుకోండి. అలాంటి ఊళ్లలో బస్సులుండవు. మన లైసెన్సు ఉంటే రవాణా శాఖ ఏడాదికి చెల్లే అంతర్జాతీయ పర్మిట్ ఇస్తుంది, అక్కడి లైసెన్సు వచ్చేలోగా చాలాచోట్ల అది పనికొస్తుంది.

జీతం విషయంలో ఏజెంటు చెప్పే అంకెను పట్టించుకోకండి. అక్కడి ప్రభుత్వ బడుల జీతాల పట్టిక చాలావరకు డిస్ట్రిక్ట్ వెబ్‌సైటులోనే ఉంటుంది. ఎన్నేళ్ల అనుభవానికి ఎంతో గడుల్లో వేసి పెడతారు. పన్నుల్లో ఒక మినహాయింపు ఉంది, కానీ దాని విషయంలో జాగ్రత్త. భారత్–అమెరికా పన్ను ఒప్పందంలోని 22వ అధికరణం ప్రకారం రెండేళ్లకు మించకుండా బోధన కోసం వెళ్లిన మనవాళ్లకు ఆ జీతంపై అమెరికా కేంద్ర ఆదాయ పన్ను మినహాయింపు ఉంటుంది, రెండేళ్లు దాటి ఉంటే మాత్రం అది మొదటి నుంచీ పోతుంది. దాన్ని కోరే ఫారం 8233ను జీతాల సెక్షన్‌లో ఇచ్చేముందు, మూడేళ్లు ఉండాలనుకునే మీరు పన్నులు తెలిసినవాళ్లను అడగండి. చిన్న ఊళ్లలో జీతాల సెక్షన్ వాళ్లకు కూడా దీని గురించి తెలియకపోవచ్చు. అక్కడి పెన్షన్, వైద్య పథకాలైన సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత 7.65 శాతం మాత్రం మొదటి రెండు క్యాలెండరు సంవత్సరాలు ఉండదు. ఆగస్టులో దిగితే ఆ నాలుగైదు నెలలు ఒక సంవత్సరం కింద పోతాయని గుర్తుంచుకోండి. అది అయిపోయాక చేతికొచ్చేది తగ్గుతుంది. కాబట్టి వెనకేసుకునేది మొదటి రెండేళ్లలోనే వెనకేసుకోవాలి. మొదటి జీతం అందడానికి నెల, నెలన్నర పట్టవచ్చు. ఇంటి అడ్వాన్సు, పాత కారు, సామాన్లకు ముందే కొంత చేతిలో ఉంచుకోండి.

మీ ఆయన, పాప జే1 వాళ్ల కుటుంబానికిచ్చే జే2 వీసా మీద వస్తారు. పాపకు ప్రభుత్వ బడిలో చదువు ఉచితం. మీ ఆయన పనిచేయాలంటే అక్కడికొచ్చాక వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టాలి, వచ్చేసరికి నెలలు గడుస్తాయి. అది రాకుండా పెట్రోలు బంకులోనో రెస్టారెంట్లోనో చేరితే ముగ్గురి వీసాకూ ముప్పు. అన్నాళ్లు ఊరికే ఇంట్లో కూర్చోవడం మగవాళ్లకు ఎంత కష్టమో మీరు ఊహించగలరు. ఆయనతో ఈ మాట దాపరికం లేకుండా మాట్లాడండి. నా సలహా అడిగితే, మొదటి ఏడాది మీరొక్కరే వెళ్లి, ఇల్లు, కారు కుదిరాక వేసవి సెలవుల్లో వాళ్లను పిలిపించుకోండి. ఆయన పైడిభీమవరం ఉద్యోగం అప్పటిదాకా ఉంటుంది, ఇంట్లోకి ఒక జీతం వస్తుంది. పాపను వదిలి ఉండలేనంటే మాత్రం అందరూ కలిసే వెళ్లండి, అందులో తప్పేమీ లేదు.

ఈ ఆలోచన మీ అత్తగారి దగ్గర కూడా కలిసొస్తుంది. ఆవిడ వద్దంటున్నది మీ ఉద్యోగాన్నా, కొడుకు, మనవరాలు కళ్ల ముందు లేకుండా పోవడాన్నా? ఒకసారి కూర్చోబెట్టుకుని అడగండి. గ్రీన్ కార్డు మాట ఆవిడ చెవిన పడి ఉంటే ఇక రారనే అనుకుంటారు. మూడేళ్ల వీసా అని చెప్పండి, పొలం అమ్మడం లేదని చెప్పండి.

ఇక టైము. డిస్ట్రిక్టులు ఆగస్టులో మొదలయ్యే బడికి జనవరి నుంచి జూన్ లోపు మనుషులను తీసుకుంటాయి. అందాకా ట్రాన్‌స్క్రిప్టులు, పాస్‌పోర్టులు, స్కూలు లెటరు పూర్తి చేసుకోండి. చాలామంది ఆఖరిదాకా మరిచిపోయేది పాప టీకాల కార్డు. అక్కడి బడిలో చేర్చుకోవాలంటే పుట్టినప్పటి నుంచి వేసిన ప్రతి టీకా, తేదీతో సహా, ఇంగ్లీషులో డాక్టరు సంతకంతో కావాలి. ఆటలమ్మ టీకా అక్కడ అడుగుతారు, మన ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లలకు వేసే టీకాల్లో అది లేదు. బయట వేయించాలి, రెండు డోసుల మధ్య నెలల ఎడం ఉండాలి. ఆ కార్డు బీరువాలో ఏ అరలో ఉందో ఈ ఆదివారం వెతికి పెట్టుకోండి.